తాగనివాళ్ళు కావలెను

మా మరిది బంగారునాయుడు బీరు కాస్తాడు. తాగేవాళ్ళకి అతని దగ్గర ఏనాడూ కొరత లేదు. అతని కొట్టు మూతపడే గతి పట్టింది తాగనివాళ్ళు దొరక్క.

ఈ మాట విన్నవాళ్ళు నేనేదో తిరగేసి చెప్పాననుకుని మళ్ళీ అడుగుతారు. తిరగేసింది నేను కాదు. మొదట్నుంచీ చెబుతాను.

జీడివలసలో రోడ్డు వార పాత గోగునార గోదాం ఒకటుంది. నార వ్యాపారం పోయాక అందులో గబ్బిలాలు కాపురముండేవి. ఊళ్ళల్లో కూడా చిన్న బీరు కేంద్రాలకు అనుమతిస్తారని తెలియగానే బంగారునాయుడు లారీ తోలడం మానేసి వచ్చి, గబ్బిలాలను ఖాళీ చేయించి, రెండు పెద్ద స్టీలు పీపాలు దింపాడు. మా వైపు బార్లీ పండదు. చోళ్ళు పండుతాయి, మిగతా జిల్లాలవాళ్ళు వాటినే రాగులంటారు. చోళ్ళు మొలకెత్తించి, ఎండబెట్టి, మరపట్టించి మూడు రకాలు తీసేవాడు. పల్చగా తేలిగ్గా ఉండేది ‘తొలకరి’. కాస్త చిక్కగా ఉండేది ‘ఎర్రమట్టి’. అన్నిటికన్నా గట్టిది, జాతరకి మాత్రమే తీసేది, ‘అమ్మకి చెప్పకండి’.

ఆ అమ్మ మా అత్తగారు సన్యాసమ్మగారు.

ఆవిడకి ఊళ్ళో రెండు విషయాల్లో పేరుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట మద్యం చుక్క పడలేదన్నది మొదటిది. ఈ సంగతి ఆవిడే పూటకోసారి చెప్పేవారు గనక తెలియనివాళ్ళు లేరు. రెండోది ఆవిడ తరవాణి కుండ. అన్నం వార్చిన గంజిని నిన్నటి పులుపులో పోసి, నాలుగు దబ్బాకులు వేసి మూత పెడితే తెల్లారేసరికి చల్లగా, పుల్లగా తేట కడుతుంది. చద్దన్నంలోకి దాన్ని మించింది లేదు. ఆ పులుపు మా అత్తగారి అత్తగారి నాటిది. కొంత తీస్తాం, కొంత ఉంచుతాం, తెగనివ్వం. నేను కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు నన్ను కుండ దగ్గరికి తీసుకెళ్ళి చెప్పారు: “ఇల్లంటుకుంటే ముందు కుండట్టుకుని బైటికి రా. మీ మావ ఆడే నడిసొత్తాడు.” మామగారు అప్పటికి ఉన్నారు. వింటూనే ఉన్నారు.

చోళ్ళ కషాయం పులవాలంటే ఏదో ఒకటి తోడు పెట్టాలి. పట్నం నుంచి తెచ్చిన ఈస్టు పొట్లాలు రెండుసార్లు మొరాయించాయి. మూడోసారి బంగారునాయుడు చెంబు పట్టుకుని మా వెనక గుమ్మంలో నిలబడ్డాడు.

“వొదినా, పనోళ్ళ సద్దన్నంలోకి కాసింత తరవాణి తేట పొయ్యి.”

పోశాను. మర్నాడు బిందెతో వచ్చాడు. అతని దగ్గర పనివాళ్ళు ఇద్దరు. నేనేమీ అడగలేదు, అతనేమీ చెప్పలేదు. అత్తగారు మాత్రం “పాపం, ఆ పనోళ్ళకి ఏటి కడుపులో!” అని జాలిపడి కుండలో ఇంకో గిద్దెడు గంజి ఎక్కువ పోయించేవారు.

ఇలా అందరూ సుఖంగా ఉండగా, మంచి ఎండల్లో ఒకనాడు, జీపు వచ్చింది.

దిగినాయన నిష్టల దక్షిణామూర్తిగారు, మద్య శాఖలో రుచి నిర్ధారణాధికారి. పొడుగాటి మనిషి, చంకలో ఫైలు, ముక్కుకి రుమాలు. గోదాం గుమ్మం దాటలేదు. రోడ్డు మీదే నిలబడి ఉత్తర్వు చదివారు.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి విడత బీరు ప్రజలలోనికి విడుదలగుటకు పూర్వము, ఒక స్వతంత్ర రుచి నిర్ధారకుని చేత రుచి చూపించి ధ్రువీకరణ పొందవలెను. సదరు నిర్ధారకుడు స్థానికుడును, వయోజనుడును, మద్యముతో ఎట్టి పూర్వ పరిచయము లేనివాడునై ఉండవలెను.”

“అంటేటి బాబూ?” అన్నాడు బంగారునాయుడు.

“జన్మలో తాగనివాడై ఉండాలి.”

“తాగనోడికి బీరు బావుందో లేదో ఎలగ తెలుస్తాది బాబూ?”

దక్షిణామూర్తిగారు ఈ ప్రశ్న కోసమే దారంతా ఎదురుచూసినట్టు రుమాలు తీశారు. “దొంగతనం కేసుకి దొంగను జడ్జీగా వేస్తామా?”

నేను డిగ్రీలో తర్కశాస్త్రం ఒక పేపరుగా చదివాను. ఈ ప్రశ్నకి జవాబు ఆ పుస్తకంలో కూడా లేదు.

జనంలోంచి తవిటయ్య ముందుకొచ్చాడు. పొద్దున్నే గోదాం అరుగు మీద కూర్చుంటే సాయంత్రం ఎవరైనా లేపి ఇంటికి పంపే మనిషి. “బాబూ, నాను సూత్తాను. నాకు ఏ పచ్చపాతవూ లేదు. ఎవులు పోసినా తాగుతాను” అన్నాడు.

“తొలగించండి” అన్నారు దక్షిణామూర్తిగారు.

మద్యం వాసన సోకిన గాలి పీల్చినందువల్ల తమకు తల తిరుగుతోందని ఆయన సెలవివ్వగా మా ఇంటికి తీసుకొచ్చాం. అత్తగారు తరవాణి తేటలో ఉప్పు, నలిపిన దబ్బాకు వేసి గ్లాసు అందించారు. ఆయన ఒక గుటకలో తాగి, ఖాళీ గ్లాసు ముందుకు చాపారు. రెండోది నెమ్మదిగా, కళ్ళు మూసుకుని తాగారు.

“ఇదమ్మా పానీయమంటే. మా తల్లి చేతి తరవాణి ఇలాగే ఉండేది. ఉగ్గుతో పాటే పట్టిందట నాకు. ఈ దేశంలో ఇంత అమృతం ఉండగా జనం ఆ దిక్కుమాలిన గోదాంకి ఎందుకు వెళతారో!”

“అలగ సెప్పండి బాబూ! నా నోట ఒక్క చుక్క పడలేదు, ఒట్టు. నా కడుపునే పుట్టినాడు, అదేటి బుద్దో.”

“తాము కూడా నా వంటివారేనన్నమాట.”

“మీలాటి తాగనోళ్ళు మా గడప తొక్కడం మా అదురుట్టం.”

ఆ రోజు నుంచీ ఆయన ఎప్పుడు వచ్చినా ముందు మా ఇంటికే. అత్తగారూ ఆయనా పెరటి అరుగు మీద కూర్చుని, చెరొక గ్లాసూ పట్టుకుని, తాగుబోతులను తిట్టుకునేవారు.

మొదటి నిర్ధారకుడు మావారు. బడిపంతులు, టీ తప్ప ఎరగరు. తొలకరి ఒక గుక్క పుచ్చుకుని, గోడకేసి చాలాసేపు చూసి, “చేదుగా ఉన్నది. అట్లే ఉండవలెనేమో” అని రాసి సంతకం పెట్టారు. శాఖ సంతృప్తి చెందింది. బీరు విడుదలైంది. ఇంతేకదా అని బంగారునాయుడు రెండో విడతకి కూడా అన్నగారినే తీసుకెళ్ళాడు.

దక్షిణామూర్తిగారు నవ్వారు. “ఇతనికి మద్యంతో పూర్వ పరిచయం ఏర్పడింది.”

“ఎప్పుడు బాబూ?”

“మొన్న. మా సమక్షంలోనే.”

అప్పుడు మాకు సంగతి బోధపడింది. ఒక విడతకి ఒక మనిషి ఖర్చు. రుచి చూశాడంటే ఇక ఆ మనిషి రుచి చూడ్డానికి పనికిరాడు. అగ్గిపుల్లలాగన్నమాట.

జీడివలసలో మగవాళ్ళలో అగ్గిపుల్లలు చప్పున అయిపోయాయి. పోస్టుమాను, పూజారిగారి తమ్ముడు, కడుపులో పుండున్న కిరాణాకొట్టాయన, అంతే. తర్వాత శాఖవారికి ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఒక్క నిమిషంలో ఊళ్ళో తాగనివాళ్ళ నిల్వ రెండు వందలు దాటింది. బంగారునాయుడు ఆనందంతో విడత మీద విడత దించాడు.

ఆడవాళ్ళు మొదట సిగ్గుపడ్డారు. ఆ తర్వాత, ఏదైనా రుచి చూసి వంక చెప్పమంటే అది మాకు చేతకాని పని కాదని తెలుసుకున్నారు. పైడమ్మ తొలకరి చప్పరించి “తిరగమోత లేదు” అంది. సాలెవీధి వరాలమ్మ “ఇంగువ పడితే దీని దారి వేరు” అంది. ఇంకొకావిడ “కుండ అడుగంటింది, మంట తగ్గించాలి” అంది. ఇవన్నీ ధ్రువపత్రాల్లోకి ఎక్కాయి. పదిహేను రోజులకి శాఖ నుంచి బంగారునాయుడికి తాఖీదు: “సదరు విడతలో ఇంగువ వేయకపోవుటకు కారణములేమి? తిరగమోత పెట్టుటలో అలసత్వము వహించినందుకు తమపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.”

ఆ సంజాయిషీ రాయడానికి నన్నే పిలిచారు. ‘బీరునకు తిరగమోత ఆచారము లేదు’ అని రాశాను. ‘ఆచారము లేదనుటకు ఆధారములు జతపరచలేదు’ అని తిరిగొచ్చింది.

నా వంతు కూడా వచ్చింది. ఎర్రమట్టి. మొలకలు కొంచెం ఎక్కువ వేగాయనీ, చివర్న వచ్చే చేదు మొదట్లోనే వచ్చేస్తోందనీ, పీపా మూత సరిగా బిగియక గాలి తగిలిందనీ ఒక పేజీ రాశాను. ‘నిర్ధారకురాలు అనుమానాస్పదమైన పరిజ్ఞానమును ప్రదర్శించినది’ అని తిప్పి పంపారు. విడత ఆపేశారు. మర్నాడు ఇంకొకావిడ అదే బీరు తాగి “ఏమో బాబూ” అని వేలిముద్ర వేస్తే విడుదల చేశారు. నేనైతే అప్పటికే అయిపోయాను.

తాగని మనిషికి మా ఊళ్ళో ఎప్పుడూ లేని విలువొచ్చింది. శాఖవారు వాళ్ళని ‘మద్యరహిత మానవ నిల్వలు’ అన్నారు. ప్రతి ఊరూ తన నిల్వలను కాపాడుకోవాలన్నారు. మా జిల్లాలో మద్యపాన వ్యతిరేక ప్రచారం బంగారునాయుడు చేసినంత గట్టిగా ఎవరూ చేసి ఉండరు. గోదాం గోడ మీదే పెద్ద అక్షరాలతో రాయించాడు: తాగకండి. మీ ఆరోగ్యం మా బీరుకి అవసరం. మీసాలొచ్చిన కుర్రాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి బతిమాలాడు.

“ఒరే, మాగమాసం దాకా ముట్టకురా. నీకు అప్పటికి వయసొస్తాది. పెద్ద విడతకి నిన్నే అట్టేపెట్టుకున్నాను.”

“ఆ తరవాత?”

“ఆ తరవాత నీ ఇష్టం, నా కొట్టు.”

తవిటయ్య ఈ వైభవమంతా అరుగు మీంచి చూసి కుమిలిపోయాడు. “సిన్నప్పుడే ఎవులైనా సెప్పుంటే మానీసుందును కదా” అనేవాడు.

ఆడవాళ్ళ నిల్వ కూడా అడుగంటాక, పక్కింటి పైడమ్మ ఒక కబురు మోసుకొచ్చింది. అనకాపల్లి నుంచి ఆమె అల్లుడు ఉమాపతి కాపురం ఇక్కడికే మార్చి ఎరువుల కొట్టు పెట్టాడు. స్థానికుడయ్యాడు. “మా అల్లుడు సోడా కూడా తాగడు. గేసు పడదంట. పెళ్ళిసూపుల్లోనే సెప్పీసినాడు” అంది, ఊరంతా వినేట్టు.

బంగారునాయుడు పూలదండతో వెళ్ళాడు. దక్షిణామూర్తిగారు ఫైలుతో వెళ్ళారు. వెనక ఊరు వెళ్ళింది. ఉమాపతి అప్పుడే పూరీలు తినడానికి కూర్చున్నాడు. మెళ్ళో దండ పడేసరికి లేచి నిలబడ్డాడు. ఎర్రమట్టి గ్లాసు ఎదురుగా పెట్టారు.

“జన్మలో తాగలేదని ప్రమాణపూర్వకముగా చెప్పుము” అన్నారు దక్షిణామూర్తిగారు.

అల్లుడు పైడమ్మ మొహం చూశాడు. భార్య మొహం చూశాడు. “తాగలేదండి” అన్నాడు, పూరీకి మాత్రమే వినపడేట్టు. సంతకం పెట్టి, గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కాస్త వంచి, అలవాటుకొద్దీ అనేశాడు.

“నురుగు నిలవట్లేదు బావా. నిన్ననే దించీసినావేటి? ఇంకో రెండ్రోజులుంచాల్సింది.”

పొయ్యి మీద నూనె చిటపటలాడింది. పైడమ్మ కూతురు పూరీల పళ్ళెం మెల్లిగా వెనక్కి లాక్కుంది.

“అంటే… అత్తా… అది పెళ్ళికి ముందు మాట.”

“పెళ్ళికి ముందు తాగలేదా?”

“పెళ్ళికి ముందు తాగనని సెప్పినాను.”

ఈ సంఘటనతో శాఖ ఉలిక్కిపడింది. మనిషి మాట నమ్మరాదని తేలింది. ఇకమీదట రుచి చూసే ముందు ప్రతి నిర్ధారకుడూ ఒక యంత్రంలోకి ఊదాలనీ, అది కూత పెడితే ఆ మనిషి తాగినవాడనీ ఉత్తర్వు వచ్చింది.

యంత్రం వచ్చేసరికి జాతర వచ్చింది. మా ఊరి నీలమ్మ తల్లి జాతరకి ‘అమ్మకి చెప్పకండి’ పీపా నిండా సిద్ధంగా ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ ఒక్క బీరు కోసమే వస్తాయి. జాతర రోజు మధ్యాహ్నం లోపల ధ్రువీకరణ కాకపోతే పీపా మురిక్కాలవలో పారబోసి, గోదాంకి సీలు వేస్తామని దక్షిణామూర్తిగారు ముందే తెలియజేశారు. బంగారునాయుడు ఊరంతా రెండుసార్లు తిరిగాడు. తాగని వయోజనులు ఒక్కరే మిగిలారు.

ముందురోజు సాయంత్రం అతను మా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చెంబు లేదు.

“ఏట్రా, అలగ నిలబడిపోనావు?” అన్నారు అత్తగారు, చింతపండు పిసుకుతూ.

“ఏటీ లేదమ్మా.”

“అమ్మకి సెప్పకూడని మాటేటి?”

“అదేనమ్మా. అదే దాని పేరు.”

సంగతంతా నేనే చెప్పాల్సొచ్చింది. అత్తగారు విని, చెయ్యి కడుక్కుని, “నాను సచ్చినా తాగను” అన్నారు. “నాకున్నది ఆ ఒక్క పేరు. అదీ ఇచ్చీమంటావేటి?”

బంగారునాయుడు వాదించలేదు. లోపలికెళ్ళి పెట్టె తీసి, పాత ఖాకీ చొక్కా బయటికి లాగి దులిపాడు. లారీ రోజుల్లోది. ఆ చొక్కా తొడుక్కుని వెళితే అతను పండక్కి కూడా ఇంటికొచ్చేవాడు కాదు. ఎక్కడున్నాడో ఎవరో చెబితే తెలిసేది. అత్తగారు ఆ చొక్కాకేసి చూస్తూ ఉండిపోయారు. రాత్రి అన్నం తినలేదు.

తెల్లారి తలంటుకున్నారు. నేత చీర కట్టుకున్నారు. “ఎంత పాపపు పనయినా పరగడుపున సెయ్యకూడదు” అని చద్దన్నం పెట్టించుకుని, నిండా తరవాణి పోయించుకుని తిన్నారు. గుండె నిబ్బరానికి ఇంకో గ్లాసు తాగారు. ఈలోపల దక్షిణామూర్తిగారు వచ్చారు. ఎండ మండుతోంది. ఆయనకీ రెండు గ్లాసులు పోశాను. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు.

“తాము ఎంతటి త్యాగం చేస్తున్నారో శాఖ గుర్తుంచుకుంటుంది” అన్నారాయన.

“మీరొక్కరే మిగుల్తారు బాబూ ఇక” అన్నారు అత్తగారు, కళ్ళొత్తుకుంటూ.

గోదాం ముందు జాతర జనం. డప్పులు ఆగాయి. దక్షిణామూర్తిగారి జీపు డ్రైవరు యంత్రం పట్టుకొచ్చాడు. చూడ్డానికి సబ్బుబిళ్ళంత ఉంది. ముందు పరీక్ష, తర్వాత గ్లాసు అన్నారు. అత్తగారు పొయ్యి ఊదినట్టు ఊదారు.

యంత్రం కూత పెట్టింది.

కోడిపిల్లని తొక్కినట్టు కూత పెట్టి, ఎర్రదీపం వెలిగించింది. జనం నోళ్ళు తెరిచారు. తవిటయ్య అరుగు మీంచి లేచాడు.

“ఓలమ్మ, సన్నేసప్పా! నాకు సెప్పకుండా ఎక్కడ తాగినావే?”

“నోర్ముయ్యి ఎదవా! నానేటి, తాగడవేటి? ఇంకోపాలి తే ఆ మాయదారి డబ్బీ!”

ఇంకోసారి ఊదారు. ఇంకా గట్టిగా కూసింది.

“యంత్రమునకు రాగద్వేషములు లేవు” అన్నారు దక్షిణామూర్తిగారు బరువుగా. “సన్యాసమ్మగారూ, మిమ్మల్ని నా సోదరిగా భావించాను. మీరు శాఖను మోసగించారు. విడత పారబోయండి. సీలు తీసుకురండి.”

డ్రైవరు సీలు కోసం జీపు దగ్గరికి కదిలాడు. బంగారునాయుడు పీపాకి అడ్డంగా నిలబడ్డాడు. అత్తగారు కొంగు బిగించారు.

“ఆగవయ్యా! డెబ్బై ఏళ్ళు కాపాడుకున్న నోరిది. దీన్ని ఆ డబ్బీ తాగుబోతు నోరంటాదా? అది పిచ్చిదయింది. కాదంటే నువ్వూదు.”

“నేనా?”

“ఊదు బాబూ. తాగనోడివి గదా. భయవేటి?”

జనం “ఊదండి, ఊదండి” అన్నారు. డప్పుల వాళ్ళు కూడా మెల్లిగా అందుకున్నారు. దక్షిణామూర్తిగారు చిరునవ్వు నవ్వి, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, వేదమంత్రం మొదలెట్టే ముందు పీల్చినట్టు గాలి పీల్చి, ఊదారు.

అత్తగారికి వేసిన కూత దీనిముందు ఏపాటి! యంత్రం కూస్తూనే ఉంది. డ్రైవరు జీపు వెనక్కి వెళ్ళాడు. అక్కడ్నించి నవ్వు ఆపుకుంటున్న మూలుగుల్లాంటి చప్పుళ్ళు వచ్చాయి. జీపు ఊగింది.

ఆయన మొహంలో రంగులు మారాయి. “అసంభవం. నేను పొద్దుట్నుంచీ ఏమీ…”

వాళ్ళిద్దరూ పొద్దున్న ఏం పుచ్చుకున్నారో నాకు తెలుసు. గ్లాసులు కడిగింది నేనే.

“మీరిద్దరూ తాగింది తరవాణేనండీ” అన్నాను.

దక్షిణామూర్తిగారు జీపు బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆయన మనసులో ఏం జరుగుతోందో మొహం మీద అచ్చేసినట్టు కనపడింది. తరవాణి మద్యమే అయితే, ఆయన ఉగ్గుపాల నాటి నుంచీ తాగుబోతు. తాగనివాడనే కదా ఈ పదవి ఇచ్చారు. ఆ పదవి పోతుంది. ఆయన ఇచ్చిన ధ్రువీకరణలన్నీ పోతాయి. స్వర్గస్థురాలైన ఆయన తల్లి అనుమతి లేని మద్యం తయారీదారు. పోనీ యంత్రం తప్పందామంటే, దానికి రాగద్వేషాలు లేవని ఇప్పుడే ఊరందరి ముందూ అన్నారు.

మిగిలింది ఒక్క దారి. కాగితం తీశారు.

“శాఖాపరమైన సందిగ్ధతను తొలగించు నిమిత్తము,” అని చదువుతూ రాశారు, “తరవాణిని సేవించిన వ్యక్తిని మద్యము తాగనివానిగానే పరిగణించవలెను.” కలం ఆపి నా వైపు తిరిగారు. “అమ్మా, మీ ఇంట్లో రోజూ ఉండేది ఒకే తరవాణా?”

“కాదండీ. నిన్నటిది తోడు పెడితే ఇవాళ్టిది పులుస్తుంది.”

“అదీ. అన్నీ ఇందులోకి రావాలి. లేకపోతే ఎవడో ఒకడు లిటిగేషన్ పెడతాడు.” మళ్ళీ రాశారు. “తరవాణిని, లేక తరవాణిని తోడుగా పెట్టి పులియబెట్టిన ఏ పానీయమును సేవించినను, సదరు వ్యక్తి మద్యరహితుడే. ఈ ఉత్తర్వు గతించిన కాలమునకు కూడా వర్తించును.”

సంతకం. తేదీ. ముద్ర.

బంగారునాయుడు పీపా దగ్గర్నుంచి మెల్లిగా నడిచొచ్చాడు. చేతులు కట్టుకున్నాడు.

“బాబూ, మా బీరు కూడా తరవాణి తోడెట్టే పులుస్తాది. అమ్మ కుండలోదే.”

నేను అత్తగారి వైపు చూడలేదు. చూడక్కర్లేకుండానే తెలిసింది.

“ఏట్రా? పనోళ్ళ సద్దన్నంలోకన్నావు కదేటి?”

“పనోళ్ళు కూడా తాగినారమ్మా.”

“కోడలా! బిందెలకి బిందెలు పోసింది నువ్వేనేటి?”

“మీరే కదత్తయ్యా, పాపం ఇంకో గిద్దెడు పొయ్యమన్నారు.”

దక్షిణామూర్తిగారు ఉత్తర్వుకేసి చూశారు. ముద్ర తడి ఇంకా ఆరలేదు. దాని మీద నెమ్మదిగా ఊదారు. ఆ కాస్త గాలికి, తిరిగొచ్చిన డ్రైవరు చేతిలో యంత్రం మళ్ళీ ఒకసారి కూసింది.

అంతే. ఉత్తర్వు ఉత్తర్వే. మా ఊళ్ళో బీరు తాగినవాడు తాగనివాడయ్యాడు. ఖర్చయిపోయిన రెండు వందల మంది నిర్ధారకులూ ఒక్క సంతకంతో మళ్ళీ అగ్గిపుల్లలయ్యారు. ఎన్నిసార్లు గీసినా అయిపోని అగ్గిపుల్లలు. తవిటయ్య జన్మలో బంగారునాయుడి దగ్గర తప్ప తాగలేదని అక్కడికక్కడే ఒట్టేశాడు గనక, గతించిన కాలముతో సహా మద్యరహితుడని తేలింది. ఆ మాట విని అతను అరుగు మీద కూలబడి ఏడ్చాడు. “ఇంటికెల్లి మాయావిడికి సెప్పాలి” అన్నాడు. ఉమాపతి అప్పటికే పరిగెత్తాడు.

జనం గోల పెడుతుండగా అత్తగారు పీపా దగ్గరికి నడిచారు. గ్లాసు అక్కడే ఉంది, ఆవిడ కోసం పోసి పెట్టినది.

“వొద్దులేమ్మా, ఇంక అక్కర్లేదు. గండం గడిచిపోనాది” అన్నాడు బంగారునాయుడు.

“ఆ డబ్బీ తాగినానంది. ఈ కాయితం తాగలేదంది. మద్దిన ఈ గళాసేటి పాపం సేసింది?”

ఎత్తి ఒక గుక్క తాగారు. జాతరంతా ఆవిడ నోరు చూస్తోంది. బుగ్గలో అటూ ఇటూ తిప్పి, మింగి, నాలుక పైకి ఆనించి ఒక్క చప్పరింపు చప్పరించారు. కళ్ళు కొంచెం చెమ్మగిల్లాయి.

“పులుపు మనదే” అన్నారు.

కాసేపాగి, “నాలుగు దబ్బాకులేసుంటే బావుణ్ణు” అన్నారు. గ్లాసు ఖాళీ చేశారు.

డప్పులు మోగాయి. ‘అమ్మకి చెప్పకండి’ మధ్యాహ్నానికే అయిపోయింది. ఇప్పుడు ఆ పేరు మారింది. ఆ సీసాల మీద దబ్బాకు బొమ్మ వేసి ‘సన్యాసమ్మ’ అంటున్నారు.

తర్వాతవి చిన్నచిన్న సంగతులు. యంత్రాన్ని ఇకపై తాగినట్టు ముందే నిర్ధారణ అయినవారి మీద మాత్రమే ప్రయోగించాలని శాఖ ఆదేశించింది. జిల్లా మొత్తం మీద వందకి వంద పాళ్ళు తాగనివాళ్ళున్న ఊరు మాదొక్కటే అని లెక్కల్లో తేలింది. ‘సంపూర్ణ మద్యరహిత గ్రామం’ అని ఊరి మొగదల బోర్డు పెట్టారు. ఆ చుట్టుపక్కల గట్టి నేల గోదాం ముందే ఉంది గనక బోర్డు అక్కడే పాతారు. సాయంత్రాలు జనం దాని నీడలో కూర్చుని తాగుతారు. అత్తగారు పట్టుబట్టి తనకి విడిగా ఒక ధ్రువపత్రం తెప్పించుకున్నారు, జన్మలో చుక్క ముట్టలేదని. దాన్ని పటం కట్టించి దేవుడి గూటి పక్కన తగిలించారు. దీపం పెట్టాక, ఆ పటం కిందే కూర్చుని, చిన్న గ్లాసు ఒకటి పుచ్చుకుంటారు.

దక్షిణామూర్తిగారు ఇప్పటికీ తనిఖీకి వస్తారు. మొన్న ఎండలో వచ్చి, అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకున్నారు. అత్తగారు రెండు గ్లాసులు తెచ్చి ముందు పెట్టారు. ఒకటి మా కుండలోది, ఒకటి గోదాంలోది.

“ఏది కావాలి బాబూ?”

“ఉత్తర్వు ప్రకారం రెండూ ఒకటే కదమ్మా” అన్నారాయన. నురుగున్న గ్లాసు అందుకున్నారు.